హజ్రా బీ చేతి రీడు

నరసరావుపేటలో కాస్త గట్టి పెళ్ళి ఏది జరిగినా ఊరేగింపుకి అబ్దుల్ హమీద్ మాస్టరు బ్యాండు రావాల్సిందే. ఆ బ్యాండులో ముందు వరసలో, ఇత్తడి గుండీల ఎర్రకోటు వేసుకుని క్లారినెట్ వాయించేవాడు జమాల్. పొడుగ్గా, సన్నగా, బుగ్గలు పీక్కుపోయి ఉండేవాడు. వాయిద్యం మూతిన పెట్టుకున్నాడంటే మాత్రం పెళ్ళికూతురు కూడా పల్లకీ తెర పక్కకి జరిపి చూసేది. పెళ్ళిళ్ళు లేని ఆషాఢంలోనూ, వానల్లోనూ గొడుగులు, లాంతర్లు బాగుచేసి బతికేవాడు.

మంచివాడే. తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్న జబ్బల్లా ఒకటే, పక్కవాడిని ఎవరన్నా మెచ్చుకుంటే ఓర్చుకోలేడు. బ్యాండులో ట్రంపెట్ ఊదే ముర్తుజాని చూసి ఎవరో పెద్దమనిషి "భలే ఊదావురా" అని భుజం తట్టాడంటే, ఆ రోజు జమాల్‌కి బిరియానీ కూడా గొంతు దిగేది కాదు. ఇంటికొచ్చి భార్యతో, "వాడి ఊదుడుకి గేదెలు బెదిరి పోతయ్. దాన్ని మెచ్చుకుంటారంట!" అని గొణిగేవాడు. హజ్రా బీ వింటూనే తన పని చూసుకునేది. ఆమెకి అలవాటైపోయింది.

క్లారినెట్‌కి ప్రాణమంతా రీడులో ఉంటుంది. వేలెడంత పొడుగున్న పలచటి బద్ద అది. దాన్ని క్లారినెట్ మూతికి దారంతో బిగించి కట్టి ఊదితే, ఆ బద్ద కొస అదిరి పాట పుడుతుంది. ఆ బద్దని ఎక్కడో ఫ్రాన్సు దేశంలో పెరిగే రెల్లుతో చేస్తారు. జమాల్ ఏడాదికొకసారి మద్రాసు కొట్టుకి ఉత్తరం రాస్తే డజను రీడుల పెట్టె పోస్టులో వచ్చేది. 1958లో పెట్టెకి బదులు కార్డు వచ్చింది. విదేశీ సరుకు మీద ఆంక్షలు పెట్టారనీ, రీడులు లేవనీ, ఎప్పుడొస్తాయో చెప్పలేమనీ రాశారు.

అప్పటికి జమాల్ దగ్గర మిగిలినవి రెండు. ఒకటి మాచర్లలో ఊరేగింపు రద్దీలో ఎవరి మోచెయ్యో తగిలి కొస చిట్లిపోయింది. రెండోదాన్ని పసిబిడ్డలా సాకుతూ వచ్చాడు. తడిగుడ్డలో చుట్టిపెట్టుకునేవాడు, గోళ్ళు తీసే కత్తెరతో కొస సవరించేవాడు. అయినా అది రోజురోజుకీ అరిగి, ముసలివాడి గొంతులా బొంగురుపోయింది.

ఒకరోజు మధ్యాహ్నం అతను ఆ చిట్లిన రీడుని చేతిలో పెట్టుకుని దిగులుగా కూర్చుంటే హజ్రా బీ పక్కన చతికిలబడింది.

"అదొకసారి ఇటివ్వండి."

"నీకెందుకే?"

"చూస్తే అరిగిపోద్దా ఏంది?"

ఆమె దాన్ని వెలుతురుకి పెట్టి చూసింది. గోటి మీద ఆనించి వంచింది. వెనకవైపు నున్నగా, అద్దంలా చదునుగా ఉంది. ముందువైపు మొదట్లో మందంగా ఉండి, కొసకి పోయేకొద్దీ ఉల్లిపొరంత పలచబడింది. నడిమధ్య కొంచెం కండ, అంచులు పలచన. ఆమె చాలాసేపు చూసి, "మా నాయన దువ్వెన పళ్ళు కూడా ఇట్లాగే పలచబరిచేవాడు" అంది.

హజ్రా బీ పుట్టిల్లు గురజాల. తండ్రి గేదె కొమ్ముతో దువ్వెనలు చేసేవాడు. పెళ్ళయ్యేదాకా ఆమె తండ్రి పక్కనే కూర్చుని ఆకురాయి పట్టింది. ప్లాస్టిక్ దువ్వెనలు సంతల్లోకి వచ్చాక కొమ్ము దువ్వెన కొనే దిక్కు లేకుండా పోయింది. తండ్రి పోయేటప్పుడు ఆమెకి మిగిలింది మూడు ఆకురాళ్ళు, ఒక గీకుడు కత్తి. వాటిని ట్రంకుపెట్టెలో బట్టల అడుగున దాచుకుంది.

మర్నాడే అవి బయటికొచ్చాయి. ముందు కొమ్ముతో చేసింది. ఉమ్మి తగలగానే అది ఉబ్బి, ఊదితే నోట్లో గుడ్డ కుక్కినట్టు పలికింది. తరవాత వెదురు. దాన్ని రెండు రోజులు వాయించేసరికి ఎండకి నిలువునా చీలింది. సబ్బుపెట్టె మూత కోసి చేసింది. మరీ మెత్తన. చివరికి సంతలో కొన్న, పళ్ళూడిపోయి మూలన పడున్న తన ప్లాస్టిక్ దువ్వెన కంటబడింది. దాని వీపు రీడుకి సరిపోయేంత మందంగా ఉంది. కోసి ఆకురాయి పెడితే కర్పూరం వాసన వేసింది.

"నాయన నోట్లో మన్ను కొట్టింది ఈ ముండే. ఇప్పుడు నాకు పనికొచ్చేట్టుంది" అని నవ్వింది.

వీధి అరుగుకి వేసిన నాపరాయి మీద నీళ్ళు చల్లి, దువ్వెన ముక్క వెనకవైపుని గంటలకొద్దీ రుద్దింది. ముందువైపు ఆకురాయితో తీసి, చివర గాజుపెంకుతో గీకింది. ఒక పొరపాటు కూడా చేసింది. ఆకురాయికి రాలిన రజను పొయ్యి పక్కన పోస్తే కర్పూరంలా భగ్గున అంటుకుంది. కొంగు కాలింది గానీ ఒళ్ళు దక్కింది. ఆ తరవాత పని అరుగు మీదే.

మొదటి రీడు ఊదితే గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోదీ అంతే. మూడోది కీచుమంటే పక్కింటి మాబున్నీసా వాళ్ళ మేక బదులు పలికింది. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. జమాల్ ముందు అన్నిటికన్నా కింది స్వరం పలికించేవాడు, తరవాత ఒక్కసారిగా పై స్వరానికి ఎగబాకేవాడు. ఆమె కళ్ళు మూసుకుని వినేది. "పైన గొంతు నొక్కేసినట్టుంది. ఇటివ్వండి" అని ఎడమ అంచున రెండే రెండు గీతలు తీసి మళ్ళీ ఇచ్చేది. ఒక్క గీత ఎక్కువైతే రీడు మొత్తం పోయినట్టే. అలా పదకొండు పోయాయి. వీధిలో ఆడవాళ్ళ విరిగిన దువ్వెనలన్నీ వాళ్ళింటికే చేరాయి. పన్నెండోది పలికింది. కింది స్వరం నిండుగా, పై స్వరం తేటగా.

వాళ్ళ కాపురం మొత్తంలో అంత సుఖంగా ఉన్న నెల ఇంకొకటి లేదని జమాల్ తరవాత్తరవాత అనుకునేవాడు.

ఆ వైశాఖంలో రెంటచింతలలో పెళ్ళి. అక్కడి ఎండ సంగతి పల్నాడు వాళ్ళకి చెప్పనక్కర్లేదు. మగపెళ్ళివారు ఇంకో ఊరి బ్యాండు తెచ్చుకున్నారు. వాళ్ళ క్లారినెట్ వాళ్ళకి ఉన్నవి పాత రెల్లు రీడులు. పదకొండయ్యేసరికి అవి ఎండిపోయి మెలితిరిగి మూగబోయాయి. జమాల్ రీడు మూడు గంటలపాటు ఒక్క తీరుగా మోగింది. విడిదింటి ముందు జనం కదలకుండా నిలబడ్డారు.

"ఎక్కడిదన్నా ఆ రీడు?" అని అవతలి బ్యాండువాళ్ళు వచ్చి అడిగారు.

"మద్రాసుది" అన్నాడు జమాల్. నోటికి అదే వచ్చింది.

హమీద్ మాస్టరు తిరుగు బస్సులో ఆ రీడు అడిగి తీసుకుని వాసన చూశాడు. "మద్రాసుదేందిరా, దువ్వెన వాసనొస్తుంటే?" అన్నాడు. జమాల్ నీళ్ళు నమిలి అసలు సంగతి చెప్పాడు. మాస్టరు ఆశ్చర్యపోయి, "నీ పెళ్ళాం చేసిందా! అయితే నువ్వు అదృష్టవంతుడివి" అని బస్సులో అందరికీ వినబడేట్టు చెప్పాడు. ముర్తుజా వెనక సీట్లోంచి, "అదీ సంగతి! ఇవాళ నువ్వు ఇంత బాగా ఎట్లా వాయించావా అనుకుంటున్నా" అన్నాడు.

ఆ మాట జమాల్‌కి ముల్లులా దిగింది.

అక్కణ్ణించి జనం అతన్ని మెచ్చుకోవడం మానేసి రీడుని మెచ్చుకోవడం మొదలుపెట్టారు. వినుకొండ నుంచి, పిడుగురాళ్ళ నుంచి వాయిద్యగాళ్ళు వచ్చేవారు. "బీబీ ఉన్నారా?" అని అడిగేవారు గానీ "జమాల్ ఉన్నాడా?" అని అడిగేవారు కాదు. హజ్రా బీ గుమ్మానికి కట్టిన పరదా వెనక కూర్చునేది. వచ్చినవాడు అరుగు మీద కూర్చుని రెండు స్వరాలు వాయిస్తే, పరదా కింద నుంచి చెయ్యి చాపి రీడు తీసుకుని, నాలుగు గీతలు గీసి తిరిగిచ్చేది. ఎవరి ఊపిరికి ఎంత బిగువు కావాలో ఆమెకి వింటే తెలిసిపోయేది. జమాల్ గొడుగు ఊచలు వంచుకుంటూ, తల ఎత్తకుండా అన్నీ వినేవాడు.

అలా వచ్చినవాళ్ళలో ఇశ్రాయేలు ఒకడు. రెంటచింతల వాడు, జమాల్ కన్నా పదేళ్ళు చిన్న. మిరపచేలల్లో కూలికి పోయేవాడు. చర్చి వాళ్ళు ఇచ్చిన పాత క్లారినెట్ ఒకటుంటే దాని మీద పూజల్లోనూ, చావులకీ వాయించేవాడు. నెమ్మదస్తుడు. పరదా ముందు కూర్చుని "అక్కా, నీ చేతి రీడు ఒకటి కావాల" అన్నాడు. హజ్రా బీ "కూర్చో తమ్ముడూ" అంది.

వారం తరవాత జమాల్ బజారు నుంచి వస్తుంటే వీధి మలుపులోనే క్లారినెట్ వినబడింది. నిలబడిపోయాడు. అది తన ఇంటి అరుగు మీద నుంచే వస్తోంది. ఏదో చర్చి పాట. గట్టిగా కూడా వాయించడం లేదు. కింది స్వరాల్లో ఎవరో దగ్గర కూర్చుని మెల్లగా మాట్లాడుతున్నట్టుంది. తన క్లారినెట్‌లో అలాంటి స్వరం ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా పలకలేదని జమాల్‌కి వెంటనే తెలిసింది. అలా తెలిసేంత చెవి ఉండటమే అతని ఖర్మ. అటూ ఇటూ గుమ్మాల్లో ఆడవాళ్ళు చేటలు చేతుల్లోనే పెట్టుకుని వింటున్నారు. పాట అయిపోయాక పరదా వెనకనుంచి హజ్రా బీ గొంతు వినబడింది.

"ఇంకేం చెయ్యను తమ్ముడూ? దీన్ని ముట్టుకుంటే పాడవుద్ది. అట్లాగే ఉంచు."

ఇరవై ఏళ్ళుగా అతని పాట విని ఆమె అలాంటి మాట ఎన్నడూ అనలేదు.

అతను మామూలు మొగుళ్ళు పడే అనుమానం పడలేదు. అదైతే అరిచి, కొట్టి, ఏదో ఒకటి చేసి తేల్చుకునేవాడు. ఆమె ఆ కుర్రవాడి మొహం కూడా సరిగా చూసి ఉండదు. అతన్ని కాల్చింది వేరు. ఆమె చెయ్యి, ఆమె చెవి, ఆమె ఓపిక, ఇన్నాళ్ళూ తన ఒక్కడి సొత్తనుకున్నవి ఇంకొకడి నోట్లో అంత అందంగా పలికాయి.

రాగానే అడిగాడు. "వాడికి మంచిది చేసిచ్చావు. నాకు నాసిది అంటగట్టావు."

హజ్రా బీ తెల్లబోయింది. "రెండూ ఒక్క దువ్వెనలోవే. మాబున్నీసా ఇచ్చిన పెద్ద దువ్వెన. ఒక ముక్క మీకు, ఒక ముక్క వాడికి."

"అయితే వాడిది అట్లా ఎందుకు పలుకుద్ది?"

ఆమె ఏదో చెప్పబోయి ఆగిపోయింది. ఆ ఆగిపోవడంలో జవాబు ఉంది. అది అతనికి అర్థమైంది. ఆమె పైకి అనేసినా అంత బాధపడేవాడు కాదు.

రెండేళ్ళు అలా లోపల్లోపల ఉడుకుతూనే గడిచాయి. ఇశ్రాయేలు పేరు పాకింది. చావులకి వాయించినవాణ్ణి పెళ్ళిళ్ళకి పిలవడం మొదలుపెట్టారు. మాచవరంలో ఒక పెద్ద రైతు ఇంట పెళ్ళికి ఆడపెళ్ళివారు హమీద్ మాస్టరు బ్యాండుని పిలిస్తే, మగపెళ్ళివారి బ్యాండు ఇశ్రాయేలుని తెచ్చుకుంది. రెండు బ్యాండ్లూ ఎదురెదురుగా నిలబడి వాయించాలి. పల్నాట అలాంటి పోటీ అంటే చుట్టుపక్కల పది ఊళ్ళు కదిలొస్తాయి.

పెళ్ళి రోజు పొద్దున్నే ఇశ్రాయేలు నరసరావుపేట వచ్చాడు. "పై స్వరం కొంచెం బిగిసిందక్కా" అని రీడు ఇచ్చి, బజారులో పని చూసుకొస్తానని వెళ్ళాడు. హజ్రా బీ దాన్ని సవరించి, కిటికీలో పెట్టి, పురిటి మంచంలో ఉన్న మాబున్నీసా కూతుర్ని చూడటానికి పక్కింటికి వెళ్ళింది.

ఇంట్లో జమాల్ ఒక్కడే ఉన్నాడు. కిటికీలోని రీడుని చాలాసేపు చూశాడు. తీసి తన క్లారినెట్‌కి కట్టి ఊదాడు. ఆ చర్చి పాట తనకి వచ్చినంతలో వాయించాడు. అచ్చం జమాల్ వాయించినట్టే ఉంది. తన రీడుతో ఎలా పలుకుతుందో అలాగే, వెంట్రుకవాసి తేడా లేదు. విప్పి మళ్ళీ కట్టి వాయించాడు. అదే గొంతు.

రీడులో తేడా ఉండి ఉంటే హజ్రా బీ మీద కోపం తెచ్చుకుని ఊరుకునేవాడు. తేడా లేదు. ఇక కోపం తెచ్చుకోవడానికి మనిషి మిగల్లేదు. అప్పుడు అతని చెయ్యి గాజుపెంకు మీదికి పోయింది. కొసన, కుడి అంచున, అడ్డంగా రెండు గీతలు గీశాడు. కంటికి ఆనవు. కాగితంలో చుట్టాడు.

ఇశ్రాయేలు బస్సుకి టైమైందని పరుగున వచ్చాడు. జమాల్ పొట్లం చేతిలో పెట్టి, పైకి మాటవరసకి, "వాయించి చూసుకుంటావా?" అన్నాడు.

"అక్క చేసిందిగా, చూసేదేముందన్నా" అని ఇశ్రాయేలు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మాచవరంలో పొద్దు వాలే వేళకి పోటీ మొదలైంది. ఇశ్రాయేలు మొదటి పాట కింది స్వరాల్లో నెట్టుకొచ్చాడు. రెండో పాటలో పైకి ఎక్కగానే రీడు పంది అరిచినట్టు కీచుమంది. జనం గొల్లున నవ్వారు. ఇశ్రాయేలు తీసి, నోట్లో తడిపి, మళ్ళీ కట్టాడు. మళ్ళీ కీచుమంది. ఈలలు వేశారు. ఎవరో "శవం లేచొచ్చింది రోయ్" అని అరిచారు. అతను మూడోసారి ప్రయత్నించలేదు. క్లారినెట్ చంకన పెట్టుకుని వరసలోంచి బయటికి నడిచి, బండ్ల వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు.

ఆ సాయంత్రం జమాల్ తన జన్మలో ఎన్నడూ వాయించనంత బాగా వాయించాడు. పెళ్ళివారు మెళ్ళో బంతిపూల దండ వేశారు. ముర్తుజా కూడా "ఇవాళ నీదేనన్నా" అన్నాడు. ఆ మాట కోసం ఏళ్ళ తరబడి కాచుకున్నవాడు, విని తల ఊపి, బస్సులో మెళ్ళో దండ తీసి సీటు కింద పెట్టేశాడు.

మూడో రోజు ఇశ్రాయేలు వచ్చాడు. ఎప్పుడూ గొంతెత్తనివాడు ఆ రోజు వీధంతా వినబడేట్టు మాట్లాడాడు.

"ఏమక్కా, నీ చేతిని నమ్మి పోయినందుకు పదూళ్ళ జనంలో తల కొట్టేసినట్టైంది. చెయ్యి తప్పితే తప్పిందని చెప్పొచ్చుగా!"

పరదా కింద నుంచి చెయ్యి వచ్చి రీడు తీసుకుంది. లోపల హజ్రా బీ దాన్ని కిటికీ వెలుతురుకి పెట్టింది. ఆమె ఎప్పుడూ మొదలు నుంచి కొసకి గీకేది, తండ్రి నేర్పిన తీరు అది. ఇవి అడ్డగీతలు. తల తిప్పి చూసింది. గొడుగు ముందు పెట్టుకుని కూర్చున్న జమాల్ ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు.

హజ్రా బీ రీడుని గుప్పిట్లో మూసింది. తరవాత ఆమె పరదా అవతలికి, "నిజమే తమ్ముడూ. నా చెయ్యే తప్పింది. మన్నించు" అంది.

ఇశ్రాయేలు వెళ్ళిపోయాక ఆమె ఆకురాళ్ళు, కత్తి గుడ్డలో మూటగట్టి ట్రంకులో పెట్టేసింది. ఎవరు వచ్చి అడిగినా "చెయ్యడం లేదు" అని చెప్పి పంపించేసింది. బీబీ చెయ్యి పోయిందంట అని వాయిద్యగాళ్ళంతా చెప్పుకున్నారు.

నెల చూసి జమాల్ మెల్లగా కదిపాడు. "నా రీడు అరిగిపోతోంది హజ్రా."

"నా చెయ్యి తప్పిందిగా. తప్పిన చేత్తో మీకెట్లా చేసేది?" అంది ఆమె. కోపంగా కూడా అనలేదు. అన్నం పెడుతుంది, బట్టలు ఉతుకుతుంది, అడిగినదానికి బదులు చెబుతుంది. అతను వాయించడం మొదలుపెడితే మాత్రం లేచి పెరట్లోకి వెళ్ళిపోతుంది.

జమాల్ తనే చేసుకోబోయాడు. ఆమె అంత తేలిగ్గా చేసినది అతని చేతుల్లో ఒక్కటీ కుదరలేదు. ఆకురాయి జారి బొటనవేలు తెగింది. ఇంకోరోజు బీడీ నిప్పు రజను మీద పడి రెండు వేళ్ళు బొబ్బలెక్కాయి. హజ్రా బీ కొబ్బరినూనె రాసి గుడ్డ కట్టింది. కట్టేటప్పుడు అతను, "నీకు తెలుసు కదా" అన్నాడు. ఆమె ముడి బిగించి, "తెలుసు" అని లేచిపోయింది.

బొబ్బలు మానాక అతను రెంటచింతల బస్సెక్కాడు. ఇశ్రాయేలు మిరపచేలో కాయలు కోస్తున్నాడు. జమాల్‌ని చూసి గట్టు మీదికి వచ్చి, కుండలోంచి మంచినీళ్ళు ముంచి ఇచ్చాడు. జమాల్ తాగకుండా చెంబు పక్కన పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. గాజుపెంకు సంగతి, అంతకుముందు ఊది చూసిన సంగతి, ఏదీ దాచలేదు.

ఇశ్రాయేలు మొహం నల్లబడింది. చేతిలో ఉన్న మిరపకాయల్ని ఒక్కొక్కటే తుంచి కింద పడేశాడు.

"నాకెందుకు చెప్తున్నావన్నా ఇది? నన్ను చూసి నవ్వినోళ్ళు నవ్వారు, మర్చిపోయారు. నేను ఆ తల్లిని వీధిలో నిలబడి తిట్టి వచ్చా. ఆమె చెయ్యి పోయిందని ఊరూరా చెప్పుకుంటుంటే నేనూ అవునన్నా. ఆ మాట ఎవరు తీసేయాల? నాకు చెప్పి నీ బరువు దించుకుని పోదామనా?"

"ఏం చెయ్యమంటావు?"

"ఎక్కడెక్కడ ఆమె పేరు పోయిందో అక్కడ చెప్పు. ఫో." అని చేలోకి దిగిపోయాడు. కొంతదూరం పోయి వెనక్కి తిరిగి, "నీళ్ళు తాగి పో, ఎండన పడి చస్తావు" అన్నాడు.

హమీద్ మాస్టరు కొట్టం వెనక పెళ్ళిళ్ళ ముందు బ్యాండువాళ్ళంతా చేరి సాధన చేసేవాళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళ వాయిద్యగాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. ఆ మాఘం మొదట్లో ఒక ఉదయం, ముప్ఫైమంది ఉండగా జమాల్ లేచి నిలబడి చెప్పాడు. డ్రమ్ము మీద వేళ్ళాడిస్తున్నవాళ్ళు కూడా ఆపేశారు. గాజుపెంకు సంగతి, అడ్డగీతల సంగతి, అన్నీ చెప్పాడు. చివర, "బీబీ చెయ్యి తప్పలేదు. ఎన్నడూ తప్పలేదు" అని కూర్చున్నాడు.

హమీద్ మాస్టరు ముసలి చేత్తో మొహం తుడుచుకుని, "ముందు వరసలో నిలబడే మనిషివి కాదు నువ్వు. వెనక్కి పో" అన్నాడు. ఎర్రకోటు విప్పించలేదు, అంతవరకు మేలు.

ఇంటికి వచ్చేసరికి మాబున్నీసా అప్పటికే కథంతా మోసుకొచ్చి చెప్పేసింది. ఆమె మొగుడు డ్రమ్ము వాయిస్తాడు. హజ్రా బీ గుమ్మంలో నిలబడి ఉంది.

"అందరి ముందూ చెప్పారా?"

"చెప్పా."

"ముర్తుజా ఉన్నాడా?"

"ముందే కూర్చున్నాడు. వాడి కళ్ళలోకి చూస్తూనే చెప్పాల్సొచ్చింది."

హజ్రా బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు ఏడుస్తోందనుకున్నాడు. నవ్వుతోంది. ఎనిమిది నెలల తరవాత ఆమె నవ్వడం అదే.

కాసేపటికి అడిగింది. "గీకే ముందు దాన్ని వాయించి చూశారా?"

"చూశా."

"ఎట్లా ఉంది?"

"నాదాని మాదిరే ఉంది."

"నేను చెప్పింది అదేగా."

మర్నాడు ట్రంకు తెరిచింది. ముందు ఇశ్రాయేలుకి చేసి పంపింది, తరవాత వినుకొండ వాళ్ళకి, పిడుగురాళ్ళ వాళ్ళకి. జమాల్ వంతు అందరికన్నా చివర వచ్చింది. అడగకుండా కాచుకున్నాడు. ఇచ్చేటప్పుడు, "ఇది కాస్త మెత్తగా చేశా. మీ ఊపిరి తగ్గింది. మునుపటిది మీకిక బరువు" అంది. ఆ మాట నిజమే గనక అతనికి కోపం వచ్చింది, నిజమే గనక ఆ రీడు బాగా పలికింది కూడా.

మరుసటి ఏడు హమీద్ మాస్టరు ఇశ్రాయేలుని బ్యాండులోకి తెచ్చుకున్నాడు. ముందు వరసలో ఇశ్రాయేలు, వెనక జమాల్. మొదట్లో ఇద్దరూ అవసరానికి తప్ప మాట్లాడుకునేవాళ్ళు కాదు. వెల్దుర్తిలో ఒక పెళ్ళికి నడిచిపోతుంటే ఇశ్రాయేలే కదిపాడు, ఫలానా పాటలో మలుపు నువ్వెట్లా తిప్పేవాడివన్నా అని. జమాల్ చెప్పాడు. చెప్పాక ఆ మలుపు ఇశ్రాయేలు తనకన్నా బాగా తిప్పితే, వెనక వరసలో పళ్ళు నూరుకుంటూ వంత కలిపాడు. ఆ గుణం అతన్ని వదల్లేదు. వదిలిందని చెప్తే అబద్ధమవుతుంది.

హజ్రా బీ అప్పటికి పరదా పక్కకి కట్టేసి అరుగు మీదే కూర్చునేది. క్లారినెట్ మూతి ఒక్కటి విడిగా పెట్టుకుని, దానికి రీడు కట్టి తనే ఊదేది. ఆడమనిషి ఊదడమేందని మొదట వీధిలో వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు, తరవాత మానేశారు. ఆ ఒక్క కూత విని రీడు మంచిదో చెడ్డదో చెప్పేసేది.

1965 ఎండాకాలం ముందు ఆమె ఒకే దువ్వెనలోంచి మూడు రీడులు తీసింది. ఆమెకి చూపు మందగించడం మొదలైంది. "మీరే వాయించి చూసి, ఏది ఎవరికో పెట్టండి" అని జమాల్ చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళింది.

అతను మూడూ వాయించాడు. రెండు బాగున్నాయి. మూడోది వేరు. అలాంటిది ఆమె చేతిలోంచి కూడా పదేళ్ళకొకటి వస్తుందేమో. అతని తగ్గిన ఊపిరికి కూడా అది పలికింది. ఎవరి నోట్లో అది పూర్తిగా పలుకుతుందో అతనికి తెలుసు. చొక్కా జేబులో వేసుకున్నాడు.

రెండు రోజులు ఆ రీడు జేబులోనే ఉంది. అన్నం తినేటప్పుడు తడిమి చూసుకునేవాడు. ఒకసారి తన క్లారినెట్‌కి కట్టాడు, విప్పాడు. హజ్రా బీ ఏదీ అడగలేదు. మూడో రోజు పొద్దున బస్టాండుకి వెళ్ళి, రెంటచింతల మీదుగా మాచర్ల పోయే బస్సు కండక్టరు చేతికి పొట్లం ఇచ్చాడు. "ఇశ్రాయేలుకి ఇవ్వు. బీబీ పంపిందని చెప్పు" అన్నాడు. బస్సు కదిలాక కిటికీ పక్కన పరిగెత్తి, "కాదు, జమాలన్న పంపాడని చెప్పు" అన్నాడు.

సంతోషంగా మాత్రం ఇవ్వలేదు. బస్సు మలుపు తిరిగేదాకా అది తిరిగి తన చేతికి రావాలనే అనుకుంటూ నిలబడ్డాడు. తరవాత గొడుగు గుడ్డ కొనడానికి బజారు వైపు నడిచాడు.